ర్యాంకు ఒక్కటే చాలదు: ఇంటర్ మార్కులు ఎక్కడెక్కడ లెక్కలోకి వస్తాయి?



"సీటు ఎలాగూ ఎంట్రన్స్ ర్యాంకుతోనే వస్తుంది కదా, ఇంటర్ పాసైతే చాలదా?" పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే మంచి ర్యాంకు వచ్చినా సీటు చేజారవచ్చు.

జేఈఈ: 2016 వరకు జేఈఈ మెయిన్ ర్యాంకులో 12వ తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది. 2017లో దాన్ని తీసేశారు. అర్హత నియమం మాత్రం ఉంది. కోవిడ్ ఏళ్లలో సడలించినా 2023లో మళ్లీ అమల్లోకి వచ్చింది. ఎన్ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) రావాలి, లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఈ లెక్కలో భాషా సబ్జెక్టు మార్కులూ కలుస్తాయి. "ఇంగ్లిష్, సంస్కృతం చివర్లో చూసుకోవచ్చులే" అనుకుంటే నష్టపోయేది ఇక్కడే.

ఈఏపీసెట్: తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ర్యాంకుల్లోనూ 25 శాతం వెయిటేజీ ఉంది. ఉజ్జాయింపుగా చూడండి. ఒకరికి సెట్‌లో 160కి 80, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల్లో 90 శాతం వచ్చాయనుకుందాం. మొత్తం 37.5 + 22.5 = 60. ఇంకొకరికి సెట్‌లో 84, ఇంటర్‌లో 75 శాతం. మొత్తం 58.1 మాత్రమే. సెట్‌లో నాలుగు మార్కులు ఎక్కువ వచ్చిన విద్యార్థే వెనకబడ్డాడు.

నీట్, బిట్‌శాట్, డిగ్రీ: నీట్‌కు జనరల్ విద్యార్థులకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 50 శాతం ఉండాలి. బిట్‌శాట్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో కలిపి 75 శాతం, ఒక్కో దానిలో కనీసం 60 ఉండాలి. తెలంగాణలో దోస్త్ ద్వారా డిగ్రీ సీట్లకు ఇంటర్ మార్కులే ఆధారం.

సులువైన సబ్జెక్టు మంచిదేనా? సీబీఎస్‌ఈ 10వ తరగతి మ్యాథ్స్‌లో స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లున్నాయి. సిలబస్ ఒకటే, ప్రశ్నల కష్టమే వేరు. పైతరగతుల్లో మ్యాథ్స్ చదవాలనుకునేవారి కోసం ఉద్దేశించింది స్టాండర్డ్. మార్కుల కోసం బేసిక్ ఎంచుకునే ముందు పిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలనుకుంటున్నారో అడగండి.

అమెరికాలో డిగ్రీ చదివించాలనుకుంటే 9వ తరగతి నుంచే మార్కులు పంపాలి. అక్కడి యూనివర్సిటీలు మార్కులతోపాటు, స్కూల్లో ఉన్న కోర్సుల్లో విద్యార్థి ఎంత కష్టమైనవి ఎంచుకున్నాడో కూడా చూస్తాయి. అన్నీ తేలికవే తీసుకుని తెచ్చుకున్న 95కు అక్కడ అంత విలువ ఉండదు.

ఈ నెల మీరు చేయాల్సినవి మూడు. మీ పిల్లలు రాయబోయే ఎంట్రన్స్‌కు ఈ ఏటి నోటిఫికేషన్‌లో అర్హత శాతం చూడండి. గత పరీక్షలో ఏ సబ్జెక్టు ఆ గీతకు దగ్గరగా ఉందో గుర్తించండి. ఆ సబ్జెక్టు టీచర్‌ను వచ్చే మీటింగులో కలవండి. ప్రీ-ఫైనల్స్ అయ్యాక కన్నా ఇప్పుడైతే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

– అకడమిక్ విభాగం