మాలపల్లికి పేరు పుస్తకం వల్ల వచ్చిందా, నిషేధం వల్ల వచ్చిందా?



ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' పేరు విననివారు మనలో తక్కువ. పూర్తిగా చదివినవారు మాత్రం ఇంకా తక్కువ. కొందరు దాన్ని 'మాలపిల్ల' సినిమా కథ అనుకుంటారు కూడా. ఆ సినిమా వేరు. అది 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసినది, కథ చలం గారిది. మాలపల్లి నవల అంతకు పదహారేళ్ళ ముందే, 1922లో వచ్చింది.

ఈ నవల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "తెలుగులో అంత గొప్ప నవల మరొకటి లేదు" అనేవారు కొందరు. "గొప్పేముందండీ, ప్రభుత్వం నిషేధించింది కాబట్టి పేరొచ్చింది, నవలగా చూస్తే అన్నీ ఉపన్యాసాలే" అనేవారు మరికొందరు. వీటిలో నిజమెంతో మనమే తేల్చుకుందాం. పెద్దలు గొప్పదన్నారని ఒప్పుకోవడమూ, విసుగ్గా ఉందన్నారని పక్కన పెట్టడమూ రెండూ సులభమే. చదివి చెప్పడమే కాస్త కష్టం.

ముందు రచయిత సంగతి. ఉన్నవ వారు 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు. ఐర్లండు వెళ్ళి బారిస్టరు చదివి వచ్చారు. వీరేశలింగం గారి బాటలో గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. 1922లో ఆయనా, భార్య లక్ష్మీబాయమ్మ గారూ కలిసి ఆడపిల్లల చదువు కోసం గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. లక్ష్మీబాయమ్మ గారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్ళారు. అంటే ఈ నవల రాసింది మన ఆడవాళ్ళ బాగు కోరి పాటుపడిన ఇంటిలోని మనిషి.

మా పిడుగురాళ్ల వైపు వారికి ఈ పుస్తకంతో మరో బంధుత్వం ఉంది. 1921లో మా పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం జరిగింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టమన్న పన్ను పుల్లరి. అది కట్టమని రైతులు ఎదురు తిరిగారు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ పల్నాటి ఉద్యమం సందర్భంలోనే ఉన్నవ వారు జైలు పాలయ్యారు. రాయవేలూరు జైలులో కూర్చుని ఈ నవల రాశారు. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది గాని, పల్నాటి గోడు వందేళ్ళ కిందటే ఒక పెద్ద నవలకు పురుడు పోసిందన్నమాట.

ఇక నిషేధం మాట. పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1923లో, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతించింది. 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే ఆ బంధనం తీరింది. కూలీలను, పేదలను పైవాళ్ళ మీదికి రెచ్చగొడుతుందన్నది దొరల భయం. రష్యా విప్లవం జరిగి అప్పటికి అయిదేళ్ళే కదా!

వద్దన్న పుస్తకాన్ని జనం వెతుక్కుని మరీ చదువుతారు, అది సహజం. కానీ ఆ రోజుల్లో నిషేధించిన పుస్తకాలు ఇదొక్కటే కాదు. చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. నిషేధం పుస్తకానికి పదేళ్ళు పేరు తెస్తుందేమో గాని వందేళ్ళు తేలేదు. కాబట్టి లోపల ఏముందో చూడాలి.

కథ క్లుప్తంగా చెబుతాను. మంగళాపురం అనే ఊరి మాలపల్లిలో రామదాసు కుటుంబం ఉంటుంది. రామదాసు భక్తుడు, వేదాంతం తెలిసినవాడు, కాస్త భూమి ఉన్నవాడు. పెద్దకొడుకు వెంకటదాసు, చిన్నకొడుకు సంగదాసు. ఊళ్ళో మోతుబరి చౌదరయ్య. ఆయన దగ్గర పనిచేసే సంగదాసుకు ఆయన కొడుకు రామానాయుడితో స్నేహం. సంగదాసు కూలీల పక్షాన నిలబడి, చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం విడుస్తాడు. వెంకటదాసు కడుపు మండి తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టే దొంగ అవుతాడు. రామదాసు మాత్రం ఎన్ని కష్టాలొచ్చినా శాంతం విడవడు.

లోపాలున్నాయా అంటే, ఉన్నాయి. దాచడం దేనికి? ధర్మం గురించి, సంస్కరణ గురించి, కూలీల హక్కుల గురించి పేజీల కొద్దీ చర్చలు సాగుతాయి. కథ అక్కడ ఆగిపోయి, అన్నం వడ్డించి కూర మరిచిపోయినట్టు ఉంటుంది. రామదాసు కోపం, అసూయ ఎరగని మనిషి. అంత మంచివాణ్ణి మనం గౌరవిస్తాం గాని, పక్కింటి మనిషిలా దగ్గరకు తీసుకోలేం. రామానాయుడి భార్య కమల ఇల్లు విడిచి వెళ్ళిపోయే కథ ఉంది. ఆమె మనసులో ఏముందో చూపడం కంటే ఆమె చేసినదానికి ఫలితం చూపడం మీదే రచయితకు ఎక్కువ శ్రద్ధ కనిపిస్తుంది. స్త్రీల కోసం అంత పాటుపడిన ఆయన కలం ఇక్కడ కాస్త కటువైందని నాకు అనిపిస్తుంది.

మరి ఇన్ని లోపాలుండగా గొప్పతనం ఎక్కడ ఉంది? దానికి ఒక్క ఘట్టం చెబుతాను. ఇల్లు నడిపే మనకు అది ఇట్టే అర్థమవుతుంది.

అంతవరకు కోతకూలి ధాన్యం రూపంలో ఇచ్చేవారు. ధాన్యం ధర పెరిగేసరికి మోతుబరులు ధాన్యం మానేసి డబ్బు ఇస్తామంటారు. పైకి వింటే అందులో అన్యాయమేముంది అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. మాటవరుసకు కుంచం ధాన్యం నాలుగణాలు, రోజుకూలి రెండు కుంచాలు అనుకుందాం. ధర పెరిగి కుంచం ఎనిమిదణాలైంది. ధాన్యమే ఇస్తే కూలిమనిషి ఇంటికి ఎప్పటిలాగే రెండు కుంచాలు వెళతాయి. "పాత లెక్క ప్రకారం ఎనిమిదణాలు తీసుకో" అంటే ఆ ఇంటికి చేరేది ఒక్క కుంచమే. మాట మారలేదు, కూలి తగ్గించినట్టూ లేదు. కానీ ఆ రాత్రి పిల్లల కంచాల్లో సగం మెతుకులు మాయమయ్యాయి! సంగదాసు పోరాటమంతా ఈ సగం కంచం దగ్గరే ఉంది.

నెలాఖరున సరుకుల చీటీ కుదించిన ప్రతి ఇల్లాలికీ ఈ లెక్క తెలుసు. జీతం అంతే ఉంది, ధర పెరిగింది, అంటే జీతం తగ్గిందనే కదా అర్థం? దీన్ని ఒక అర్థశాస్త్ర గ్రంథంలో చెప్పవచ్చు. కథలో, ఒక పేదవాడి ప్రాణం దానిమీద నిలబెట్టి చెప్పాలంటే మాత్రం గొప్ప రచయిత కావాలి. ఉపన్యాసాలు మరిచిపోయినా ఈ కూలి తగవు మరిచిపోలేం. దొరలు భయపడిందీ దీనికేనేమో అనిపిస్తుంది.

రెండో గొప్పతనం భాష. పండితులు గ్రాంథికమే భాష అని పట్టుబడుతున్న కాలంలో, గుంటూరు సీమ పల్లెల్లో మాట్లాడే తెలుగుతో ఇంత పెద్ద నవల నడిపారు. మనుషులు తమ నోటి మాటే మాట్లాడతారు. పొలం పనులు, పండగలు, పాటలు, తగాదాలు అన్నీ కళ్ళకు కట్టినట్టుంటాయి.

మూడోది, కథ ఎవరి గడపలో మొదలైందన్నది. అంతకు ముందు మన నవలల్లో పాలేర్లు గొడ్ల చావిట్లో కనబడి, ఒక మాట అని వెళ్ళిపోయేవారు. ఇక్కడ కథే వాళ్ళది. వాళ్ళ అమ్మానాన్నలు, వాళ్ళ ప్రేమలు, వాళ్ళ వేదాంతం. ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లీషులో 'అన్‌టచబుల్' రాసింది 1935లో. మనవాడు అంతకు పదమూడేళ్ళు ముందే జైల్లో కూర్చుని రాశాడు.

అయితే ఒక మాట మరవకూడదు. ఉన్నవ వారు అగ్రవర్ణంలో పుట్టి, ఆ పల్లెను ప్రేమతో చూసి రాసినవారు. ఎంత ప్రేమ ఉన్నా చూసినవారి మాట వేరు, పడినవారి మాట వేరు. మన వినుకొండలో పుట్టిన జాషువా గారి 'గబ్బిలం' 1941లో వచ్చింది. జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. మాలపల్లి పక్కనే ఇవీ పెట్టుకుని చదవాలి. అప్పుడే మాలపల్లి ఎంత దూరం వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. రామదాసులో కనబడని కోపం వీటిలో వినబడుతుంది.

కాబట్టి నా తీర్పు ఇది. మాలపల్లికి వచ్చిన పేరు న్యాయమైనదే. కాని అది నిషేధం వల్లా కాదు, అందులోని ధర్మోపన్యాసాల వల్లా కాదు. పేదింటి కుంచంలో ఎన్ని గింజలున్నాయో తెలిసిన పుస్తకం కాబట్టి. విసుగు పుట్టిన పేజీలు తిప్పేయండి, దోషమేమీ లేదు. కూలి తగవు, సంగదాసు చావు, తక్కెళ్ళ జగ్గడి కథ మాత్రం వదలకండి. ఎదిగిన పిల్లల చేత కూడా చదివించండి. పరీక్ష కోసం ప్రశ్నలు జవాబులు బట్టీ పట్టడం వేరు, చదవడం వేరు.

చదివాక ఇంకొక్క పని ఉంది. మన ఇళ్ళల్లో పనిచేసే మనిషికి టీ ఇచ్చే గ్లాసు ఏ అరలో ఉందో ఒకసారి చూసుకోండి. అందరి గ్లాసులతో కలిసి ఉందా, విడిగా కిటికీలో బోర్లించి ఉందా? ధరలు పెరిగినప్పుడు ఆమె జీతం గురించి మనం ఏమన్నామో కూడా గుర్తు చేసుకోండి. సంగదాసు తగవు మంగళాపురంలోనే తీరిపోలేదు. మన వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడే ఉంది.