కిలోలోపు గంజాయికి శిక్ష తగ్గింది.. కేసు తప్పదు
వ్యసనపరులకు చట్టంలోనే చికిత్స మార్గం

అన్నవరం: సత్యదేవుడు కొలువైన రత్నగిరి సమీపం నుంచే జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం సాగిపోతున్నాయి. మన్యం నుంచి తరలే గంజాయి ఈ దారులకు చేరడం, తనిఖీలలో పట్టుబడటం తరచూ వార్తలకెక్కుతున్న విషయమే. పట్టుబడినవారిలో విద్యార్థులు ఉన్నారని తెలిసినప్పుడల్లా తల్లిదండ్రులను ఒక సందేహం కలవరపెడుతుంది. జేబులో చిన్న పొట్లం దొరికినా పదేళ్ల జైలేనా? కాదు. శిక్షను ప్రధానంగా నిర్ణయించేది తూకమే.

మూడు తూకాలు.. మూడు శిక్షలు

మాదకద్రవ్యాల నిరోధక చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. సొంత వాడకానికేనని నిరూపించుకోగలిగిన కొద్దిమందిని మినహాయిస్తే, గంజాయి ఎంత దొరికినా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, రూ.50 వేల వరకు జరిమానా విధించే వీలుండేది. 2001 అక్టోబరు 2 నుంచి అమలైన సవరణ చిన్న కేసులకు శిక్షను తగ్గించి, పెద్ద కేసులకు పెంచింది. కిలో కంటే తక్కువ ఉంటే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ ఆరు నెలలను 2014లో ఏడాదికి పెంచారు. కిలో దాటి 20 కిలోల లోపు ఉంటే పదేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా. 20 కిలోలు మించితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, రూ.లక్ష నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా తప్పవు. అటువంటి కేసులో బెయిలు లభించడమూ దుర్లభమే.

సంచి మోసినా నేరమే

కొద్దిపాటి డబ్బుకు ఆశపడి ఎవరో ఇచ్చిన సంచిని మోసే యువకుడికీ ఇదే తూకం వర్తిస్తుంది. అందులో ఏముందో తెలియదని చెబితే సరిపోదు. ఆ సంగతిని న్యాయస్థానంలో నిరూపించుకోవలసిన భారం అతనిదే.

చికిత్సకు ముందుకొస్తే..

చాలామందికి తెలియని వెసులుబాటు 64-ఏ సెక్షన్‌లో ఉంది. వాడకం కేసులోగాని, చిన్న పరిమాణం కేసులోగాని చిక్కిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్సను మధ్యలో మానేస్తే ఆ రక్షణ రద్దు కావచ్చు.

వాడేవారిని నేరస్థులుగా గాక బాధితులుగా చూడాలని కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2021లో సిఫార్సు చేసింది. అది ఇంకా చట్టరూపం దాల్చలేదు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దలు 25 గ్రాముల వరకు వెంట ఉంచుకోవడం నేరం కాదు. మన దేశంలో మాత్రం ఒక్క గ్రాము దొరికినా కేసే.

బిడ్డ ఈ అలవాటులో పడ్డాడని తెలిసినప్పుడు పరువుకు వెరచి దాచడం కంటే పోలీసు కేసుకు ముందే వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం మేలు. వ్యసన విముక్తి సలహాలకు జాతీయ ఉచిత ఫోన్ నంబరు 14446. రాష్ట్రంలో గంజాయి రవాణాపై సమాచారం ఇవ్వదలచినవారు 1972కు ఫోన్ చేయవచ్చు.