స్టార్టరు డబ్బాకు ఎర్తు ఉందా? ఉన్నా పనిచేస్తోందా?

కర్నూలు, కడప ప్రాంతాలలో బోరుబావి పక్కన రాతి కూసానికో, కొయ్య గుంజకో తగిలించిన ఇనుప డబ్బా కనిపించని ఊరు లేదు. మెయిన్ స్విచ్చి, ఫ్యూజులు, స్టార్టరు అన్నీ అందులోనే ఉంటాయి. తలుపు ఊడి, అడుగు తుప్పు పట్టి, లోపల బల్లులూ కందిరీగలూ కాపురం పెట్టిన డబ్బాలకు కొదవ లేదు. మోటారు వేయబోయి డబ్బా తగిలి రైతు మరణించాడన్న వార్త పత్రికలకు ఎక్కుతూనే ఉంది.

డబ్బాకు ఎర్తు తీగ ఉంటే భయం లేదని చాలామంది నమ్మకం. లోపల తీగ తొడుగు కాలి రేకుకు ఆనుకుంటే, కరెంటు ఎర్తు తీగ గుండా భూమిలోకి బలంగా పారి ఫ్యూజును కాల్చివేయాలి. ఎర్తు పని అదే. అయితే మన సీమలో చిక్కంతా భూమి దగ్గరే వస్తున్నది.

తేమ ఉన్న నేలే కరెంటును బాగా తీసుకుంటుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే ఈ నేలలు వేసవికి ఎండి బిగుసుకుపోతాయి. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నెర్రెలిచ్చి గొట్టాన్ని వదిలేస్తుంది. పత్తికొండ వైపు ఎర్రగరప నేలల్లో తేమ నిలవదు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో చాలాచోట్ల కొద్ది అడుగులకే నాపరాయి తగులుతుంది. గొట్టం దిగకపోతే సగానికి కోసి పాతడం కద్దు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043 ప్రకారం ఎర్తు గొట్టం కనీసం రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగులకు పైగా ఉండాలి.

ఒక చిన్న లెక్క చూడండి. ఎండిన నేలలో ఎర్తు నిరోధం 20 ఓములు ఉన్నదనుకుందాం. 230 వోల్టుల ఫేజు రేకుకు తగిలితే భూమిలోకి పోయేది పదకొండున్నర ఆంపియర్లు మాత్రమే. అయిదు హార్స్‌పవర్ మోటారుకు వేసే ఫ్యూజు దానికి కాలదు. ఫ్యూజు స్థానంలో అల్యూమినియం పోగులు చుట్టి ఉంటే చెప్పనక్కరలేదు. అంటే ఎర్తు తీగ ఉండి కూడా డబ్బాలో కరెంటు నిలిచే ఉంటుంది. మనిషి ప్రాణానికి అందులో వెయ్యో వంతుల్లో లెక్కించే కరెంటు చాలు.

రాయి అడ్డం వచ్చిన చోట గొట్టం కోయడం కన్నా, రెండు అడుగుల లోతు కాలువ తీసి అందులో జి.ఐ. పట్టీని పొడవునా పరచి పూడ్చడం మేలు. గుంటలో బొగ్గు, ఉప్పు వేసే పాత పద్ధతి మంచిదే గాని, ఉప్పు ఇనుమును తినేస్తుంది కనుక అయిదారేళ్ళకు ఒకసారి తవ్వి చూసుకోవాలి. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్ళు పోయాలి. గుంట మనుషులూ పశువులూ తిరగని చోట ఉండాలి. వీటికి తోడు 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపివేసే లీకేజి బ్రేకరు పెట్టించుకోవడం ఉత్తమం. పాత సబ్‌మెర్సిబుల్ మోటార్లతో అది మాటిమాటికీ పడిపోతున్నదని తీసి పారేసేవారున్నారు. అది పడిపోతున్నదంటే ఎక్కడో కరెంటు కారుతున్నదనే అర్థం. బ్రేకరును కాక మోటారును, కేబులును పరీక్ష చేయించాలి.

డబ్బా తీగలు పైనుంచి కాక అడుగు నుంచే లోపలికి పోవాలి. తీగ చుట్టూ రబ్బరు బిగించి రంధ్రం మూసివేస్తే వాననీరు, చీమలు, బల్లులు చేరవు. రాగి తీగకు అల్యూమినియం తీగను ఊరికే మెలిపెట్టి కలిపితే ఆ ముడి వేడెక్కి వదులవుతుంది. రెండు లోహాలకూ సరిపడే లగ్గు వాడాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఆటో స్టార్టరు. కరెంటు లేదు కదా అని డబ్బాలో చేయి పెట్టిన సమయానికే సరఫరా వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది. ముందుగా మెయిన్ స్విచ్చి దించి, మూడు ఫేజులనూ టెస్టరుతో చూసిన తరువాతే తలుపు లోపల చేయి పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు మాత్రం లైన్‌మన్ పనే. అతను రావడం ఆలస్యమైతే మడి ఎండిపోతుందన్న బాధ అర్థం చేసుకోదగినదే. సిబ్బంది త్వరగా అందేలా చూడవలసిన బాధ్యత శాఖ మీద ఉంది. రైతు స్తంభం ఎక్కడం మాత్రం తగదు.

ఇప్పుడు ఆ స్తంభాల మీదే మరో డబ్బా వచ్చింది. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్ళను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. నల్లటి కేబులులో వెంట్రుక మందాన ఉండే గాజు పోగులలో వెలుగు ప్రయాణిస్తుంది, కరెంటు ఉండదు. అతుకులు ఆ డబ్బాలో భద్రంగా ఉంటాయి. దుమ్మూ నీరూ దూరకుండా అది మూసి ఉండవలసిందే. తెగి కిందికి వేలాడే కేబులును పశువులకు పలుపుగా వాడదామని లాగడం ప్రమాదం. అది పైన కరెంటు తీగకు ఆనుకుని ఉండవచ్చు. తెగిన పోగు కొనను కంటికి దగ్గరగా పెట్టి చూడరాదు, అందులోని కిరణం కంటికి కనిపించకుండానే హాని చేస్తుంది. తెగిన తీగ ఏదైనా సరే, దూరంగా ఉండి పశువులను మళ్ళించి, దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నంబరు 1912కు ఫోను చేయవచ్చు.