ఓల్డ్ నంబర్ వన్‌లో పాతదేమిటి?

పెడల్ షాఫ్టు, గేర్‌బాక్స్ కేసింగ్, స్టీరింగ్ కాలమ్. 1930లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ కారులో అరవై ఏళ్ల తర్వాత ఆనాటి రూపంలోనే మిగిలినవి ఈ మూడేనని లండన్ హైకోర్టు లెక్క తేల్చింది. అదే కారు 1929లోనూ ఆ పందెం గెలిచింది. ఆ ఏటి సామానులో మిగిలింది ఇంకా తక్కువ, ఏ కాలానివో చెప్పలేని చిల్లర బిగింపులు కొన్ని. అయినా ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరుపడ్డ ఆ కారుకు 1990లో కోటి పౌండ్ల బేరం కుదిరింది. కుదిరాక, కొనబోయిన మిడిల్‌బ్రిడ్జ్ సంస్థ వెనక్కి తగ్గి, ఇది అసలు ఆ కారే కాదు పొమ్మంది. యజమాని కోర్టుకెక్కాడు. జస్టిస్ ఆటన్ ఒక్కో భాగం పుట్టుకా పరిశీలించి, పైన చెప్పిన జాబితా తానే రాసి, చివరికి యజమాని పక్షాన తీర్పిచ్చాడు.

ఈ కేసు చెప్పగానే మా డిప్లొమా కుర్రాళ్లలో కొందరు జడ్జిగారికి మెకానిక్స్ రాదని తేల్చేస్తారు. మిగతావాళ్లు థీసియస్ పడవ ఎత్తుకుంటారు. ఏథెన్స్ వాళ్లు పుచ్చిన చెక్కలు ఒక్కొక్కటే మార్చుకుంటూ ఆ పడవను కాపాడారని ప్లూటార్క్ రాసిన కథ అది. తీసేసిన చెక్కలన్నీ ఎవడో దాచి, వాటితో మరో పడవ కడితే ఏది అసలుదని 17వ శతాబ్దంలో హాబ్స్ దానికి ఇంకో ముడి వేశాడు. నాకు ఆ పడవతో ఒక పేచీ ఉంది. రేవులో కట్టేసిన పడవలో ఒక చెక్క ఇంకో చెక్కను అరగదీయదు. ఇంజిన్‌లో పక్కపక్క భాగాలు రోజూ ఒకదాన్నొకటి చెక్కుకుంటాయి. ఆ తేడా తెలియాలంటే ఓల్డ్ నంబర్ వన్ మోడలైన బెంట్లీ స్పీడ్ సిక్స్ ఇంజిన్ వెనక మూత ఒకసారి తీసి చూడాలి. నిజానికి ఈ వ్యాసం మొదలుపెట్టిందే ఆ మూత తీసే నెపం కోసం.

డబ్ల్యూ.ఓ. బెంట్లీ కార్ల మనిషి కాకముందు రైళ్ల మనిషి. పదహారో ఏట డాంకాస్టర్‌లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. ఆ చదువు వృథా పోలేదు.

స్పీడ్ సిక్స్‌ది ఆరు సిలిండర్ల ఇంజిన్. బోరు 100 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 140, మొత్తం 6,597 సీసీ. సిలిండరుకు నాలుగేసి వాల్వులు, వాటన్నిటి మీదా ఒకే క్యామ్‌షాఫ్ట్. బ్లాకూ హెడ్డూ కలిపి ఒకే పోత. హెడ్ గాస్కెట్ పోతుందన్న బెంగ లేదు, అసలు గాస్కెట్టే లేదు కాబట్టి. వాల్వు గ్రైండింగ్ చేయాలంటే మాత్రం బ్లాకు మొత్తం ఎత్తాలి. ఆ పని చేసిన మెకానిక్‌లు బెంట్లీని ఏమని తిట్టుకున్నారో ఊహించవచ్చు.

చిక్కు క్యామ్‌షాఫ్ట్ దగ్గర వచ్చింది. క్రాంక్ కింద, క్యామ్ పైన. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఇవాళైతే టైమింగ్ చైనో బెల్టో వేసి మూత బిగిస్తాం. బెంట్లీ తన నాలుగు సిలిండర్ల కార్లలో నిలువుగా ఒక షాఫ్టు నిలబెట్టి, రెండు చివర్లా బెవెల్ గేర్లు పెట్టాడు. పనితీరుకు వంక లేదు కానీ గేర్లు కూస్తాయి. ఆరున్నర లీటర్ల కారు కొనేవాడు రోల్స్‌రాయిస్ షోరూంలోకి కూడా తొంగిచూసి వచ్చినవాడు, వాడికి ఆ కూత పడదు. అంత ఎత్తుకు చైను వేస్తే సాగుతుంది, ఊగుతుంది. అప్పుడు రైలింజిన్ చక్రాలను కలిపే కడ్డీలు అక్కరకొచ్చాయి.

కడ్డీతో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి చలనం అందించవచ్చు, చప్పుడు దాదాపు ఉండదు. కానీ ఒక్క కడ్డీతో పని జరగదు. కాలితో తొక్కే కుట్టుమిషను వాడినవాళ్లకు ఇది కొత్త కాదు. తొక్కుడు కడ్డీ సరిగ్గా పైకో కిందికో నిలువుగా వచ్చి ఆగిందంటే ఎంత తొక్కినా చక్రం కదలదు, కదిలినా వెనక్కి తిరిగి దారం తెంపుతుంది. దర్జీ చెయ్యి అలవాటుగా ముందు చక్రం మీదికి పోయేది అందుకే. కడ్డీ చక్రం ఇరుసుతో ఒకే గీతలోకి వచ్చినప్పుడు దాని లాగుడంతా ఇరుసు మీద పడుతుంది, తిప్పే బలం సున్నా. చుట్టుకు రెండుసార్లు ఈ గండం తప్పదు.

రైలింజిన్‌లో దీనికి మందు, రెండో వైపు కడ్డీని 90 డిగ్రీలు తప్పించి పెట్టడం. ఒకటి నిలువు గీతలో చచ్చుబడినప్పుడు ఇంకొకటి పూర్తి బలంతో ఉంటుంది. బాగానే ఉంది, కానీ చుట్టులో పావువంతు సేపు రెండు కడ్డీలూ నెట్టే స్థితిలోనే ఉంటాయి, లాగేది ఒక్కటీ ఉండదు. సన్నటి పొడుగాటి కడ్డీని లాగితే ఎంత బలమైనా ఓర్చుకుంటుంది, నెడితే విల్లులా వంగుతుంది. వంగకుండా లావు చేస్తే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వేగంలో అదిరిపోతుంది.

బెంట్లీ మూడు కడ్డీలు పెట్టాడు, 120 డిగ్రీల ఎడంతో. క్రాంక్ నుంచి ఒక గేరు సగం వేగంతో ఓ చిన్న మూడు మలుపుల క్రాంక్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి మూడు కడ్డీలు ఇంజిన్ వెనక భాగంలో నిలువుగా పైకి లేచి, క్యామ్‌షాఫ్ట్ కొసన ఉన్న అలాంటి మూడు మలుపులనే పట్టుకుంటాయి. ఇప్పుడు లెక్క చూడండి. మూడు సైన్ తరంగాలను 120 డిగ్రీల తేడాతో గీస్తే, ఏ క్షణాన నిలువు గీత గీసినా, వాటిలో అన్నిటికన్నా పైనున్నది సగం ఎత్తుకు తగ్గదు. అంటే ఏ కోణంలోనైనా కనీసం ఒక్క కడ్డీ లాగుతూనే ఉంటుంది, అదీ తన పూర్తి బలంలో సగానికి తక్కువ కాకుండా. నెట్టాల్సిన అవసరమే రాదు. పైగా మూడూ కిందికీ పైకీ ఊగేటప్పుడు పుట్టే కుదుపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బోర్డు మీద ఆ మూడు తరంగాలు గీసినప్పుడు వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

రెండు కడ్డీలకు దొరకని హాయి మూడింటికి దొరికింది కానీ ఒక ఖరీదు ఉంది. మూడు కడ్డీలూ ఒకే పొడుగు ఉండాలి. ఒకటి పిసరంత పొట్టిదైనా మిగతా రెండింటితో కొట్లాడుతుంది. ఇంకో శత్రువు వేడి. అర మీటరు ఎత్తున్న పోత ఇనుము 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.4 మిల్లీమీటరు పెరుగుతుంది. బ్లాకు సాగినంతగా కడ్డీలు సాగవు, ఎందుకంటే వాటి వేడి వేరు. ఈ తేడాకు చోటు వదలకపోతే బేరింగులు పట్టేస్తాయి.

ఇక బేరింగుల సంగతి. ఆ కాలంలో బేరింగులంటే డబ్బాలో వచ్చేవి కావు. తగరం కలిపిన మెత్తటి తెల్లలోహాన్ని కరిగించి పోసి, షాఫ్టుకు నీలిరంగు పూసి అందులో తిప్పి, రంగు అంటుకున్న మిట్టలను స్క్రేపర్‌తో గీకి, మళ్లీ పూసి, మళ్లీ గీకి, షాఫ్టు దాంట్లో ఒదిగేదాకా ఆడించేవాళ్లు. అలా ఒదిగిన బేరింగ్ ఆ షాఫ్టుకే చెల్లుతుంది. అదే డ్రాయింగుతో, అదే వర్క్‌షాపులో తయారైన పక్క ఇంజిన్ షాఫ్టుకు అది పరాయిదే.

నా పేచీ ఇక్కడ పుట్టింది. పాత కడ్డీ పోయి కొత్తది వచ్చినా, కొత్తదాని కొలత పాత జంట కడ్డీల నుంచే తీశారు. రేపు ఆ పాతవి పోతాయి; వాటి స్థానంలో వచ్చేవాటికి ఈ కొత్తది కొలత ఇస్తుంది. ఒక్క ముక్కా మిగలకపోయినా ఒక పరంపర మిగులుతుంది. రేసు షెడ్డులో జరిగేది ఇదే. నిమిషానికి 3,000 చుట్ల చొప్పున 24 గంటలు తిరిగితే క్రాంక్ 43 లక్షల సార్లు తిరుగుతుంది, కనెక్టింగ్ రాడ్డు అన్నిసార్లూ సాగి ముడుచుకుంటుంది. పైకి కనపడని పగులు ఎక్కడో మొదలవుతుంది. అందుకే తెలివైన టీము విరగకముందే భాగాలు మారుస్తుంది. పుట్టినప్పటి భాగాలన్నీ భద్రంగా ఉన్న రేసు కారును చూస్తే నాకు ముందు వచ్చే అనుమానం, ఇది పందేల్లో పెద్దగా పరుగెత్తలేదని.

ఓల్డ్ నంబర్ వన్ పరుగెత్తింది. 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్ దాన్ని 24 గంటల్లో 2,843 కిలోమీటర్లు నడిపి గెలిచారు. ఆ వెనక మూడు స్థానాలూ బెంట్లీలవే. 1930 పందెం ఇంకా రుచికరం. ఎదురుగా 7 లీటర్ల సూపర్‌చార్జర్ మెర్సిడెస్, దాని మీద రుడాల్ఫ్ కరాచియోలా. బెంట్లీకి సూపర్‌చార్జర్ అంటే గిట్టదు, బలం కావాలంటే సిలిండరు పెంచాలి గానీ గాలి కుక్కకూడదనేది ఆయన పట్టు. బిర్కిన్ మాట వినకుండా తన బెంట్లీలకు సూపర్‌చార్జర్ తగిలించి, మెర్సిడెస్‌ను తరిమాడు. రాత్రి కరెంటు వ్యవస్థ చెడి మెర్సిడెస్ ఆగింది, బిర్కిన్ పెట్టిన సూపర్‌చార్జర్ కార్లూ ముగింపు చూడలేదు. గాలి కుక్కని స్పీడ్ సిక్స్‌లు మొదటి రెండు స్థానాలూ తీసుకున్నాయి. గెలిచింది మళ్లీ బార్నాటోయే, ఈసారి గ్లెన్ కిడ్‌స్టన్ తోడుగా.

తర్వాతి కథ త్వరగానే చెప్పుకోవచ్చు. 1931లో బెంట్లీ కంపెనీ దివాలా తీసి రోల్స్‌రాయిస్ చేతికి పోయింది. ఆ ఏడే బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల పందెంలో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ ఈ కారును గెలిపించారు. 1932లో అదే పందేనికి 8 లీటర్ల ఇంజిన్‌తో వచ్చింది. జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా ట్రాక్ వాలు మలుపు (బ్యాంకింగ్) అంచు దాటి కారు కింద పడింది. క్లైవ్ చనిపోయాడు. కారును మళ్లీ కట్టారు, రోడ్డు మీద తిరిగే కూపే చేశారు; దశాబ్దాల తర్వాత లె మాన్ నాటి బాడీకి నకలు తొడిగారు.

నా పరంపర వాదం 1932 దగ్గర కుంటుతుంది, ఒప్పుకోక తప్పదు. 8 లీటర్ల ఇంజిన్‌లోనూ అవే మూడు కడ్డీలు, అదే స్ట్రోక్, బోరు మాత్రం 110 మిల్లీమీటర్లు. కుటుంబం ఒకటే. కానీ ఇంజిన్‌కు ఇంజినే మార్చేస్తే కొత్తది పాతదాని నుంచి కొలత తీసుకున్నట్టు కాదు. చాసిస్ కూడా 4 లీటర్ల మోడల్ కోసం చేసినది వచ్చింది. జడ్జి జాబితాలో 1932 నాటి సామాను దండిగానే ఉంది: చాసిస్, స్ప్రింగులు, ముందు ఇరుసు, ఇంజిన్. లె మాన్ గెలిచిన ఇనుము మాత్రం వాటిలో లేదు.

ఆటన్ ఆ మెట్టును వేరే తీరులో దాటాడు. మార్పులు ఒక్కసారిగా రాలేదు, వచ్చినవి వచ్చినట్టు కారులో కలిసిపోయాయి. ఏ దశలోనూ ఇది ఓల్డ్ నంబర్ వన్ కాకుండా పోయిన రోజు లేదు. ఆ పేరుకు పోటీ వచ్చే ఇంకో బెంట్లీ లోకంలో లేదు. అమ్మకానికి పెట్టింది ఇనుముతోపాటు ఆ చరిత్రనూ పేరునూ కూడా. నాకు ఈ తీర్పు నచ్చింది. అయితే ‘పోటీ లేదు’ అన్న కారణం మీద అంత బరువు పెట్టడం మాత్రం నచ్చలేదు. 1929 నాటి ఇంజిన్ రేపు ఏ గోదాములోనో దొరికితే, ఓల్డ్ నంబర్ వన్ ఆ పొద్దున్నే తన పేరు పోగొట్టుకుంటుందా?

హాబ్స్ ముడి కార్ల లోకంలో నిజంగానే పడింది. 1954 నాటి ఫెరారీ 375 ప్లస్ ఒకటి అమెరికాలో ఒహాయోలో మూలన పడి ఉండగా దొంగతనానికి గురై, బెల్జియం చేరి, అక్కడ కొత్త బాడీతో నిలబడింది. దాని అసలు భాగాలు కొన్ని ఒహాయోలోనే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి లాయర్లు బాగుపడ్డాక రెండు పక్షాలూ రాజీకొచ్చి, సామానంతా కలిపి 2014లో వేలం వేయించాయి. కోటి పౌండ్లు దాటింది. తత్వవేత్తలకు తెగని సమస్యను వేలంపాట సుత్తి తెంపింది, ఏది అసలో చెప్పకుండానే.

మన దగ్గర కొలబద్ద వేరు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు ఇస్తారు. షరతు ఒకటుంది: బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. ఈ లెక్కన ఓల్డ్ నంబర్ వన్ మన ఆర్టీఓ ఆఫీసు గడప కూడా దాటదు. దాని మాట అటుంచితే, పెట్రోలు ఇంజిన్ దించేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించుకున్న పాత అంబాసిడర్లకూ ఇదే గతి. చాసిస్ నంబరు పాతదే, యజమాని కుటుంబం అదే, బండి ఒక్క ఏడూ మూలన పడలేదు. ఆటన్ ముందు నిలబడితే గెలిచేవే. ఇక్కడ వాటి భవిష్యత్తు రాష్ట్రం వేసే తనిఖీ కమిటీ చేతిలో ఉంది. బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించిన ఇంజిన్ ఆ ‘గణనీయమైన’ లోకి వస్తుందో రాదో చెప్పాల్సిందీ వాళ్లే.