పువ్వు చూసి కూర కోయండి!

సముద్రం దగ్గరి చౌడు నేలల్లో, ఉప్పుటేటి గట్లమీద నేలకి అంటుకుని పాకే మొక్కలు మీరు చూసే ఉంటారు. ఎర్రటి కాడ, దళసరి ఆకు, చిట్టి పువ్వు. అన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి! పప్పులోకని గంగవావిలి కూరకి వెళ్లి, అంబటిమాడు కోసుకొచ్చేవాళ్లు ఎందరో.

ముందుగా కాడ తుంచండి. తెల్లటి పాలు కారితే అది నానబాలు జాతి. కూరకి పనికిరాదు, పారేయండి.

గంగవావిలి పువ్వు పసుపు. కొమ్మ చివర, ఆకుల నడుమ ఉంటుంది. ఎండెక్కాక విచ్చుకుని కాసేపటికే ముడుచుకుపోతుంది. కాబట్టి సాయంత్రం వెళ్తే లాభం లేదు, పొద్దున ఎండెక్కాక వెళ్లండి.

అంబటిమాడు పువ్వు తెలుపు, లేదా లేత గులాబీ. తొడిమ మొదట్లో సంచిలాంటి పొరలో సగం దాక్కుంటుంది. దీని అసలు గుర్తు వేరే ఉంది. ఆకులు జంటగా వస్తాయి, కానీ ఒకటి పెద్దది, రెండోది చిన్నది. లేతాకు వండుకుంటారు గానీ, ముదురాకు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన మీ ఇష్టం!

ఇక కొన్నిచోట్ల వంగరెడ్డి కూర అనే మొక్కకి గులాబీరంగు నక్షత్రంలాంటి పువ్వు. పొట్టి కాడమీద నిలబడుతుంది, వెనక్కి తిప్పితే ఆకుపచ్చ. ఆకులోనే ఉప్పు ఉంటుంది. ఉడికించి నీళ్లు వార్చేయండి, ఉప్పు ఆఖర్న రుచి చూశాకే వేయండి.

మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లకి ఈ కూరలేవీ పెట్టకండి. రొయ్యల చెరువుల నీళ్లు వదిలే కాలవ గట్టుమీద మాత్రం ఎంత నవనవలాడుతున్నా కోయకండి.