పడవపందెం వెనుక పడవశాల

ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పడవపందెంపై వ్యాఖ్యానాన్ని బి.బి.సి. 1927లో మొదటిసారిగా ప్రసారం చేసినది. అటుపై జాన్ స్నాగ్ అనే వ్యాఖ్యాత 1931 నుండి 1980 వరకు ఆ పందేన్ని శ్రోతల కన్నులకు కట్టించినాడు. లండనులో థేమ్సు నదిపై పట్నీ నుండి మోర్ట్‌లేకు దాకా గల పందెపు దూరం 4 మైళ్ల 374 గజాలు. 1998లో కేంబ్రిడ్జి పురుషుల జట్టు ఆ దూరాన్ని 16 నిమిషాల 19 సెకన్లలో గడచినది. పావుగంటకు మించి కొద్దిసేపు సాగే ఆ పందెం కొరకు విద్యార్థులు శరదృతువు నుండి వసంతం వరకు శ్రమిస్తారు. ఆ శ్రమ ఎక్కడ, ఏ పరికరాలతో జరుగుతుందో కేంబ్రిడ్జిని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాము.

ముందుగా పడవ సంగతి. ఎనిమిదిమంది తెడ్లు వేసేవారు, చుక్కాని పట్టి ఆజ్ఞలిచ్చే కాక్సు ఒకరు, మొత్తం తొమ్మిదిమందిని మోసే ఈ పడవ పొడవు 17 మీటర్లకు పైమాట. వెడల్పు మాత్రం ఒక మనిషి కూర్చుండుటకు చాలినంతే. పూర్వం వీటిని దేవదారు వంటి కలపతో చేసేవారు; నేడు కార్బన్ నారతో చేస్తున్నారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఇట్టి పడవ 96 కిలోలకు తగ్గరాదు. అనగా తనలో కూర్చున్న బలిష్ఠులలో ఒక్కని బరువుకు కొంచెం అటూ ఇటూగా మాత్రమే అది తూగుతుంది.

తెడ్డు వేసేవాని బలం భుజాలలో ఉన్నదని మనం అనుకుంటాము. నిజానికి పందెపు పడవలో అధికభాగం పని కాళ్లదే. పీట క్రింద చిన్న చక్రాలుంటాయి. కాళ్లతో తన్నినపుడు పీట వెనుకకు జారుతుంది. ఆ పిమ్మట నడుము, చివరకు చేతులు పనిలోనికి దిగుతాయి. ఈ జారుపీటలు ఆ రెండు విశ్వవిద్యాలయాల పందెంలోనికి 1873లో వచ్చినవి. తెడ్డుకు ఆనికగా పడవ ప్రక్కకు చాచియుండే లోహపు చట్రం అంతకు ముందే, 1846లో వచ్చినది.

ఇక నది. కేంబ్రిడ్జి ఊరిలోని కామ్ నది ఇరుకైనది, వంపులు మెండు. రెండు పడవలు ప్రక్కప్రక్కన పరుగెత్తుటకు చోటు చాలదు. అందువలన అక్కడి కళాశాలలు 19వ శతాబ్దిలోనే ఒక విచిత్రమైన పందేన్ని కల్పించుకొన్నవి. పడవలన్నీ ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతాయి. ముందున్న పడవను తాకినవారిదే గెలుపు. కాని విశ్వవిద్యాలయపు జట్టుకు నిడుపైన, తిన్నని నీటిబాట కావాలి. అందుకని వారు ఈలీ పట్టణం వద్ద గ్రేట్ ఊజ్ నదిపై సాధన చేస్తారు. అక్కడ కొత్త పడవశాల 2016లో ప్రారంభమైనది.

నేలమీది సాధనకు ఊరిలో 1882 నాటి గోల్డీ పడవశాల ఉన్నది. ఆక్స్‌ఫర్డు వరుసగా తొమ్మిదేండ్లు గెలిచిన తరువాత, 1870లో కేంబ్రిడ్జికి విజయం తెచ్చిన జాన్ గోల్డీ పేర అది వెలసినది. నేలమీది సాధనలో ముఖ్యమైన యంత్రం ఎర్గోమీటరు. పిడి పట్టి గొలుసును లాగగా ఒక రెక్కల చక్రం తిరుగుతుంది. ఎంత గట్టిగా లాగితే గాలి అంత గట్టిగా అడ్డుతుంది. 500 మీటర్లకు ఎంత కాలం పట్టునో ఎదుటనున్న ఫలకం చూపుతుంది. ఈ యంత్రం వద్ద ముఖమాటం చెల్లదు.

అయితే అది మనిషి బలాన్ని చెప్పగలదు గాని, తక్కిన ఏడుగురితో అతడు కలిసిపోగలడా అన్నది చెప్పలేదు. అందులకు శిక్షకులు వేరొక పరీక్ష పెడతారు. రెండు పడవలను పోటీకి విడుస్తారు. పిమ్మట ఒక్కొక్క మనిషిని మాత్రం అటువానిని ఇటు, ఇటువానిని అటు మార్చి మరల విడుస్తారు. అంతరం ఎంత మారినదో దానిని బట్టి ఎవరికి చోటో తేలుతుంది. నెలల తరబడి చలిలో తెల్లవారుజామున లేచి శ్రమించిన విద్యార్థి ఆ ఒక్క ఉదయం తన చోటును పోగొట్టుకోవచ్చును. అట్టివారికి రెండవ జట్టు ఉన్నది; దాని పేరు కూడ గోల్డీయే.

సౌకర్యాలనగా అవి ఎవరికి అందుతున్నవన్నది కూడ విచారించవలసిన విషయమే. స్త్రీల జట్ల మధ్య మొదటి పోటీ 1927లో జరిగినది. అందులో వేగంతో పాటు తెడ్డు వేసే తీరుకు కూడ మార్కులిచ్చినారు. పురుషులు పందెం వేసే థేమ్సు మార్గంపై, అదే దినాన స్త్రీలకు అవకాశం 2015లో గాని కలుగలేదు. ఈలీ పడవశాలను స్త్రీపురుషులందరి కొరకు కట్టినారు. వేరువేరుగా ఉన్న సంఘాలు 2020లో ఒక్కటైనవి.

చివరగా, పడవశాలలో మిక్కిలి చవుకైన పరికరాలను గురించి ఒక మాట. పడవ ముక్కున ఒక చిన్న రబ్బరు బంతి ఉంటుంది. 1888లో కామ్ నదిపై, ఇంతకుముందు చెప్పిన తాకిడి పందెంలో, ఒక పడవ ముక్కు ముందు పడవలోని విద్యార్థికి గుచ్చుకొని అతని ప్రాణం తీసినది. ఆ పిమ్మటనే ముక్కుకు బంతి తప్పనిసరి అయినది. పడవకు బిగించిన బూట్ల మడమలకు చిన్న త్రాళ్లుంటాయి. పడవ తలక్రిందులైతే పాదాలు వాటంతట అవే ఊడి వచ్చుటకు అవి తోడ్పడతాయి. బంతి ఊడినా, త్రాడు తెగినా పడవను నీటిలోనికి దింపరాదు. కార్బన్ నార పడవను వేగంగా నడుపుతుంది. కాని అందులో వెళ్లిన బిడ్డలను క్షేమంగా తిరిగి ఒడ్డుకు చేర్చేవి ఆ బంతి, ఆ త్రాడు, వాటిని ప్రతి ఉదయం సరిచూచే కన్నులూను.