రోట్లో నిలిచిన నీళ్ళు

వాన వెలిసిన వారానికి, పెరట్లో వాడకం తప్పిన రోట్లోకి తొంగి చూస్తే తేటనీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. మనిషి నీడ పడగానే చటుక్కున అడుక్కి దిగిపోతాయి. డెంగీ దోమ చిన్ననాటి రూపం ఇదే.

దోమ జబ్బు అనగానే ముందు గుర్తొచ్చే మలేరియా గుట్టు తేలింది తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అనాఫిలిస్ రాత్రిపూట కుట్టే దోమ కనుక దోమతెర చాలావరకు కాపాడుతుంది. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దారి వేరు. కాళ్ళమీద తెల్లచారలున్న ఈ నల్లదోమ పట్టపగలే కుడుతుంది. పొద్దున్నే, మళ్ళీ పొద్దు గూకే ముందు మరీ ఎక్కువ. మురుక్కాలవతో దీనికి పెద్దగా పనిలేదు. మూతలేని తొట్టి, కూలర్, పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు, తాగి పారేసిన బోండాం, ఎక్కడైనా కాసిని నీళ్ళు నిలిస్తే చాలు. పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటదు. కుట్టింది మనింటి దోమో, పక్కింటిదో అయి ఉంటుంది.

ఆడదోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు. తడారినా అవి నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. అందుకే నీళ్ళు పారబోశాక గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి శుక్రవారం నిలవ నీళ్ళు పారబోసి ‘డ్రై డే’ పాటించమనడంలోని లెక్క అదే. దోమల మందు పొగ వదిలే బండి ఎగిరే దోమలనే చంపుతుంది, రోట్లో పురుగు జోలికి పోదు. అయినా బండి రాలేదని గోల చేసేవాళ్ళే గాని, కూలర్ అడుగు చూసుకునేవాళ్ళు తక్కువ.

డెంగీ జ్వరం తగిలితే పారాసిటమాల్, ద్రవాహారం, విశ్రాంతి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచగలవు, వాటి జోలికి పోకూడదు. జ్వరం దిగిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే వేళే అసలు గండం. సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య అది వస్తుంది. భరించలేని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల అంకె కోసం కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోగిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. అతన్ని కుట్టిన దోమ 8 నుంచి 12 రోజుల్లో వైరస్‌ను అంటించే స్థితికి వస్తుంది, ఆపైన బతికినన్నాళ్ళూ అంటిస్తూనే ఉంటుంది.